కొండపూలకు సాక్ష్యము నిలిపిన వైద్యుడు: విలియం రాక్సుబర్గు

ఫాల్గుణమాసము వచ్చునప్పటికి పెద్దాపురమునకు ఉత్తరముగా నున్న కొండలలో మోదుగచెట్లు ఆకురాల్చి, చిలుకముక్కులవంటి పూలతో నిలువెల్ల ఎఱ్ఱబారును. పల్లెలవారికి మోదుగను గుఱుతుపట్టుటకు ఎవరి సాయమును అక్కఱలేదు. దాని ఆకు విస్తరికి, పువ్వు వసంతపు రంగునకు, పుల్ల సమిధకు తరతరములుగా వాడుకలో నున్నవి. అయినను ఈ చెట్టు మోదుగయే కాని మఱియొకటి కాదని, దానిని ఎన్నడును చూడని పరదేశి సైతము తెలిసికొని ఒప్పుకొనునట్లు వ్రాసిపెట్టుట వేఱుపని. కొండలలోను, చెఱువుగట్లపైనను, సముద్రపుటిసుకలోను కనబడిన ప్రతి పువ్వునకు అట్టి పని చేయవలెనని పూనుకొని, సుమారు పండ్రెండేండ్లు సామర్లకోటలో నివసించిన వైద్యుడొకడు కలడు. ఆయన పేరు విలియం రాక్సుబర్గు. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని శాస్త్రజ్ఞులాయనను గౌరవింతురు. సామర్లకోటలో రైలు దిగి కాకినాడకు పోవు వేలకొలది జనులలో ఈ సంగతి నెఱిగినవారు ఎందఱుందురో చెప్పుట కష్టము.

రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశములోని ఎయిర్‌షైరు సీమలో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. ఆ కాలమున వైద్యవిద్యార్థులకు మొక్కల పరిజ్ఞానము తప్పనిసరి. మందులలో పెక్కుభాగము వేళ్లనుండి, బెరడులనుండి, ఆకులనుండి వచ్చునవే గదా. అచ్చట జాన్ హోపు అను ఆచార్యుడు ఆయనకు వృక్షశాస్త్రమును బోధించెను. పిమ్మట రాక్సుబర్గు ఈస్టిండియా కంపెనీవారి ఓడలలో వైద్యసహాయకుడుగా పనిచేసి, 1776లో చెన్నపట్టణమున కంపెనీ కొలువులో సహాయవైద్యుడుగా కుదురుకొనెను. కొంతకాలము నాగూరులో నుండి, 1781లో సామర్లకోట కోటయందలి సైనికులకు వైద్యుడుగా వచ్చెను. అప్పటి కాయనకు ముప్పదేండ్లు.

అప్పటి సామర్లకోట ఆయన విద్యకు తగిన చోటు. దక్షిణమున గోదావరి ఒండ్రునేల. తూర్పున కొన్ని క్రోసుల దూరమున కోరంగి, కాకినాడల సముద్రతీరము. ఉత్తరమున దట్టమైన అడవులతో కొండలు. ఇసుకమొక్క, పొలముగట్టు మొక్క, కొండమొక్క మూడును ఒక్క ఊరికి అందుబాటులో నుండుట అరుదు. రాక్సుబర్గు అచ్చట ఒక తోటను నాటి, కొండలనుండి తెచ్చిన మొక్కల నందు పెంచి, అవి మొలకెత్తినది మొదలు కాయ పగిలి గింజ రాలువఱకు కనిపెట్టి చూచెను. వానలు, గాలి ఒత్తిడి, ఎండవేడి కూడ దినమునకు మూడుమాఱులు కొలిచి వ్రాసికొనుట నాగూరునాటినుండియు ఆయన అలవాటు.

పువ్వును సరిగా గుఱుతుపట్టుట వైద్యునకు వేడుక కాదు, ప్రాణావసరము. దీనికి మన అడవులలోనే నిదర్శనమున్నది. ఏటికొప్పాక బొమ్మలు చేయు అంకుడుకఱ్ఱను మనవారందఱు నెఱుగుదురు. ఆ అంకుడుచెట్టును, కొడిశపాల చెట్టును చూపునకు అక్కచెల్లెండ్రవలె నుండును. రెంటికిని తెల్లని ఐదు రేకుల పూలు. రెండును గిల్లినచో పాలు కారును. రెంటికిని సన్నని పొడవైన కాయలు జంటలుగా వ్రేలాడును. కాని రక్తవిరేచనములకు కొడిశపాల బెరడు పూర్వమునుండి పేరుపడిన మందు. అంకుడుబెరడున కా గుణము లేదు. అంగడిలో ఒకదానికి బదులు మఱియొకటి అమ్ముడుపోవుట నాడును కలదు, తరువాతను కలదు. రోగి కుదుటపడనప్పుడు మందునే నిందింతురు గాని, చెట్టు తప్పిన సంగతి ఎవరికిని తోచదు. రెంటిని వేఱుచేయుటకు కాయలను చూచిన చాలును. అంకుడుకాయల జంట కొనలయందు అతుకుకొని యుండును. కొడిశపాల కాయలు మొదట కలిసి కొనలయందు విడిపోవును. ఇట్టి చిన్నగుఱుతులను పట్టుకొనుటయే రాక్సుబర్గు జీవితకాలపు వ్యాసంగము. ఆయన అంతటితో నిలువక, అంకుడుటాకులనుండి నీలిరంగును తీయవచ్చునని ప్రయోగము చేసి చూపెను. అందుచేతనే ఆ చెట్టు శాస్త్రనామములో నేటికిని రంగునకు సంబంధించిన మాట నిలిచియున్నది.

గుఱుతుపట్టు పద్ధతి ఆయన స్వంతము కాదు. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ అను మహాపండితుడు పువ్వులోని కేసరములను, కీలములను లెక్కించి మొక్కలన్నిటిని ఇరువదినాలుగు తరగతులుగా విభజించెను. మొక్క ఎంత పొడవు, పువ్వు ఏ రంగు అను ప్రశ్నలు తరువాతివి. మొదట పువ్వును విప్పి లోపల చూడవలెను. మోదుగపువ్వును విప్పినచో పది కేసరములు కనబడును; వానిలో తొమ్మిది ఒక కట్టగా కలిసి, పదియవది ఒంటరిగా నిలుచును. చిక్కుడు, కంది, పెసర పూలలోను ఇదే ఏర్పాటు. అనగా ఆకాశమంటు మోదుగయు, పెరటిపందిరిమీది చిక్కుడును చుట్టములని తేలినది. కంటితో చూచి ఊహింపరాని ఈ చుట్టఱికము, వ్రేలిగోటితో పువ్వును చీల్చి లెక్కించినవానికి క్షణములో తెలియును. దీనికి కావలసిన పరికరములు ఒక సూది, ఒక భూతద్దము, కొంత ఓపిక, అంతే.

లిన్నేయస్ విద్య సామర్లకోటకు పుస్తకముల ద్వారానే గాక మనిషి ద్వారాను వచ్చెను. లిన్నేయస్ కడ స్వయముగా చదువుకొనిన జొహాన్ గెరార్డు కోనిగు అను వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, పిదప కంపెనీ కొలువులోను ప్రకృతి పరిశోధకుడుగా నుండెను. దక్షిణదేశమున లిన్నేయస్ పద్ధతితో మొక్కలను పరిశీలించినవారిలో ఈయనయే అగ్రగణ్యుడు. కోనిగును రాక్సుబర్గును స్నేహితులైరి. కోనిగు 1785 జూను మాసమున కాకినాడ దాపునగల జగన్నాథపురమున వ్యాధిగ్రస్తుడు కాగా, రాక్సుబర్గు దగ్గఱనుండి చికిత్స చేసెను. కాని ఫలింపలేదు. కోనిగు తన వ్రాతలన్నిటిని లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సుకు చెందునట్లు మరణశాసనము వ్రాసి, ఆ ఊరనే కన్నుమూసెను. బ్యాంక్సు యౌవనమున కెప్టెన్ కుక్కుతో భూప్రదక్షిణము చేసినవాడు. ఆనాటి శాస్త్రలోకమున ఆయన మాటకు తిరుగులేదు.

కోనిగు స్థానమున కంపెనీవారు పాట్రిక్ రస్సెలు అను వైద్యుని నియమించిరి. ఈయన విశాఖపట్టణమున నుండి పాములను పరిశోధించెను. మన రక్తపింజరకు లోకమంతట వ్యవహరింపబడు పేరు ఈ రస్సెలు పేరే. అయితే మొక్కల విషయమున ఆయన చేసిన ఉపకారము వేఱొకటి. ఈ తీరమునందలి ఉపయోగకరములైన మొక్కలను బొమ్మలతో అచ్చువేయించవలెనని కంపెనీకి సూచించినవా డాయనయే. రస్సెలు 1789లో స్వదేశమునకు పోగా ఆ పదవి రాక్సుబర్గునకు లభించెను.

కాని ఆ నడుమనే ఆయనకు తీఱని నష్టము వాటిల్లినది. 1787 మే మాసమున గొప్ప తుఫాను పుట్టి, సముద్రము పొంగి కోరంగి తీరముపై విఱుచుకుపడెను. వేలకొలది జనులు, లెక్కలేని పశువులు ఆ ఉప్పెనలో కొట్టుకొనిపోయిరి. అంతటి ప్రళయములో ఒక వైద్యుని పుస్తకములను, ఎండుమొక్కల కట్టలను ఎవరు లెక్కింతురు? అయినను రాక్సుబర్గు ఎన్నియో ఏండ్లుగా కూర్చిన గ్రంథాలయమును, ఆరబెట్టి కాగితములమధ్య నొత్తి దాచిన మొక్కలును, వ్రాసికొనిన టిప్పణములును నీటిపాలయ్యెను. పుస్తకము విలువ తెలిసిన పాఠకులు ఈ నష్టమును ఊహించుకొనగలరు. కాని ఎండుమొక్క పోవుట పుస్తకము పోవుటకన్న కష్టము. పుస్తకమునకు మఱియొక ప్రతి ఎక్కడనైన దొరకును. ఫలానా కొండమీద ఫలానా మాసమున పూచిన కొమ్మకు ప్రతి లేదు. మరల ఆ ఋతువు రావలెను, మరల ఆ కొండ ఎక్కవలెను, అప్పటి కది పూచియుండవలెను.

ఆయనకు అప్పుడు ముప్పదియాఱేండ్లు. ఉద్యోగము వైద్యము, మొక్కల పని దానిపైని అదనపు శ్రమ. అక్కడితో విరమించినను నిందించువారు లేరు. ఆయన విరమింపలేదు. పని మరల మొదటినుండి సాగినది. ఈ రెండవ ప్రయత్నమునకు ప్రాణము పోసినది చిత్రకారుల కుంచె. రాక్సుబర్గు ఈ దేశపు చిత్రకారులను కొలువులో నుంచుకొని, పచ్చిమొక్కను ఎదుటనుంచి ఉన్నది ఉన్నట్లు వ్రాయించెను. ఎండిన మొక్కలో రంగు పోవును, రేకు ముడుచుకొనును, కాడ వంగును. చిత్రములో అవి నిలుచును. కొమ్మను సహజమైన కొలతలో వ్రాసి, ప్రక్కన కేసరమును, కాయను, గింజను విడదీసి వేఱువేఱుగా చూపుట వారి పని. పూర్వము అద్దకపు గుడ్డలపై లతలు, పక్షులు చిత్రించుటలో మన తీరమువారికి గల నేర్పు లోకప్రసిద్ధము. కాని ఇచ్చట కావలసినది అలంకారము కాదు. రేకులు నాలుగైన నాలుగే వ్రాయవలెను. అందముకొఱకు ఐదవది చేర్చరాదు. ఆ నియమమును వారు ఎంత నిష్ఠతో పాటించిరో చిత్రములే చెప్పును. సామర్లకోటలో ఆ పని చేసినవారి పేర్లను మాత్రము ఆ గ్రంథమున అచ్చువేయలేదు. ఇది రాక్సుబర్గు ఒక్కని లోపము కాకపోవచ్చును, ఆ కాలపు రివాజు కావచ్చును. అయినను లోపము లోపమే.

వారు చిత్రించిన మొక్కలను చూచినచో ఒక మనిషి ఆ ప్రాంతమున ఏ మూలలకు నడచెనో తెలియును. తీరపుటిసుకలో జానెడైనను పెరుగని చిరివేరు అను మొక్క యున్నది. దాని పూలు తెల్లనివి, చీమతలకాయలంతవి. ఒక్కొకదానికి నాలుగు రేకులు, నాలుగు కేసరములు. బాటసారి దానిని త్రొక్కిపోవునే గాని వంగి చూడడు. కాని మచిలీపట్టణపు అద్దకములకు ఎఱుపునిచ్చినది ఆ మొక్క వేరే. రాక్సుబర్గు దానిని వర్ణించుటతో తృప్తిపడక, అద్దకపువారు ఆ వేరును ఎట్లు త్రవ్వుదురో, ఎట్లు నూరుదురో, గుడ్డను ఎట్లు నానబెట్టుదురో సవిస్తరముగా వ్రాసెను. సాగుచేసినదానికన్న ఇసుకలో తానై మొలచిన చిరివేరే మేలని అద్దకపువారి అభిప్రాయమును కూడ చేర్చెను. చెఱకు నాటుట, గానుగ ఆడుట, బెల్లము వండుట మొదలగు రాజమహేంద్రవరపు సీమ పద్ధతులను గూర్చియు ఆయన వ్యాసము వ్రాసియున్నాడు.

గట్లమీద, రాతినేలలో మొలచు మఱియొక మొక్క కుండేటికొమ్ములు. ఆకులుండవు, నాలుగు పలకల పచ్చని కాడలు, కొనవైపు చిన్న చిన్న ముదురురంగు పూలు. పల్లెజనులు ఆ కాడలను పచ్చిగా తినుట చూచి, ఆయన ఆ సంగతి వ్రాసికొనెను, పేరు అడిగెను. వారు చెప్పిన పేరు ఆయన చెవికి కారల్లము అని వినబడెను. అదే గ్రంథమున అచ్చుపడెను. తరువాత 1810లో రాబర్టు బ్రౌను అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు ఈ జాతికంతకును ఒక శాస్త్రనామము కావలసివచ్చినప్పుడు, గ్రీకు, లాటిను భాషలను వెదకక ఆ తెలుగుపేరునే తీసికొని కారల్లుమా అని పెట్టెను. ఆఫ్రికాలోని ఎడారిలో మొలచు దాని చుట్టములు కొన్నింటిని కూడ పండితులు ఈ పేరుతోనే పిలిచిరి. సర్కారు జిల్లాల గట్లమీద పశువులు మేపుకొనువారి నోటిమాట అంతదూరము ప్రయాణము చేసినది.

ఇట్టిదే సోమిడ. పెద్దాపురమునకు ఉత్తరపు కొండలలో పెరుగు పెద్ద వృక్షమిది. బెరడు ఎఱ్ఱగా, మిక్కిలి చేదుగా నుండును. చలికాలపు చివర పూచు చిన్ని తెల్లని పూలలో పది కేసరములు కలిసి ఒక చిన్న గొట్టమువలె ఏర్పడును. జ్వరమునకు ఈ బెరడు మందని ప్రతీతి. ఆనాడు మలేరియాజ్వరమునకు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడొక్కటే గతి. అది ఖరీదైనది, దొరకుటయు కష్టము. దానికి బదులు సోమిడబెరడు పనికివచ్చునేమో యని రాక్సుబర్గు ఆశించి, 1793లో దానిని వర్ణించు చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆ చెట్టునకు జ్వరహారి యను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. సోమిడ చేదుమందుగా వైద్యగ్రంథములకెక్కినది గాని, సింకోనా స్థానమును పొందలేదు. పేరు మాత్రము నిలిచినది: 1830లో ఫ్రెంచి పండితుడు అద్రియాన్ ద జుస్సియూ ఈ జాతికి సోయ్‌మిడా అని తెలుగుపేరునే స్థిరపఱచెను. కాచునిచ్చు సండ్రచెట్టునకు కూడ రాక్సుబర్గు సండ్ర యను మాటనే శాస్త్రనామమున చేర్చెను.

ఇందులో ఆయన గుణమొకటి గుఱుతింపదగియున్నది. పరదేశమునుండి వచ్చిన పండితులలో పెక్కురు మొక్కకు తమ ప్రభువుల పేరో, మిత్రుల పేరో పెట్టి తృప్తిపడిరి. ఈయనయు దానికి పూర్తిగా అతీతుడు కాడు. మోదుగజాతికి ఆయన గ్రంథములో నిలిచిన బ్యూటియా అను పేరు స్కాట్లండులోని బ్యూటు ప్రభువును స్మరించునది. ఆ ప్రభువు ఫాల్గుణమున మోదుగ వనమును చూచినవాడు కాడు. కాని రాక్సుబర్గు లాటిను పేరు ప్రక్కన ఆ చెట్టునెఱిగినవారు పిలుచు తెలుగుపేరును వ్రాయుట సాధారణముగా మఱువలేదు. అది పరదేశి చెవిలో పడి ఆంగ్లలిపిలో దిగుటచే కొంత వికారము చెందినమాట నిజమే. ఆ పేర్లను పైకి చదివినచో, తెలుగువానికి మొదట నవ్వు వచ్చును. పిమ్మట, ఇది మన తీగయే, ఇది మన చెట్టే యని ఒక్కొక్కటి గుఱుతునకు వచ్చును.

తన పేరు విషయమున మాత్రము ఆయనకు ఒక చిత్రమైన అనుభవము సంప్రాప్తించెను. సర్కారు కొండలలోని తేమగల లోయలలో ఒక తీగ దొరకినది. దానికి రాక్సుబర్గియా అను పేరు వచ్చెను. అది చూపునకు అగ్నిశిఖను పోలియుండుటచే గ్లోరియోసాను పోలినది యను విశేషణమును చేర్చిరి. అగ్నిశిఖ, అనగా నాభిదుంప తీగ, మన కంచెలమీద వర్షాకాలమున మంటలవలె పూయునది. దాని దుంప విషము. ఈ రెంటిని గుఱుతుపట్టుట పువ్వు లెక్కతో సులభము. అగ్నిశిఖకు ఆఱు రేకులు, ఆఱు కేసరములు. కొండతీగకు నాలుగు రేకులు, నాలుగు కేసరములు, పైగా దుర్వాసన. అంతయు బాగుగనే యున్నది. కాని అంతకు ఐదేండ్ల పూర్వమే, 1790లో, లూరైరో అను పోర్చుగీసు మతబోధకుడు కొచ్చిన్‌చైనా దేశమున దొరకిన అదే జాతికి స్టెమోనా అని పేరుపెట్టి అచ్చువేయించియుండెను. మొదట అచ్చుపడిన పేరే చెల్లవలెనని వృక్షశాస్త్రజ్ఞుల కట్టుబాటు. కాబట్టి రాక్సుబర్గియా కొట్టివేయబడినది. మోదుగ విషయమునను ఇట్లే జరిగి, రాక్సుబర్గు గ్రంథములోని విశేషణము పోయి, ఫ్రెంచి పండితుడు లామార్కు అంతకుముందే పెట్టిన ఒంటిగింజ యను అర్థముగల మాట నిలిచినది. మోదుగకాయ కొనయందు ఒకే గింజ యుండును గాన ఆ పేరు సార్థకమనియే చెప్పవలెను.

కంపెనీవా రాయనకు జీతమిచ్చినది పూల అందమును వర్ణించుటకు కాదు. వారికి కావలసినది నీలి, మిరియము, రంగు, కలప. రాక్సుబర్గు సామర్లకోటకు ఉత్తరపు కొండలలో అడవిమిరియపు తీగను కనుగొనగా, కంపెనీవారు వెంటనే మిరియపుతోట వేయించిరి. పూలపై నాయనకుగల ప్రీతియు, వర్తకపు లెక్కయు ఒకే కలమునుండి వెలువడినవని మఱువరాదు. అయితే 1791, 1792 సంవత్సరములలో సర్కారు జిల్లాలను దహించిన ఘోరమైన కఱవును ఆయన కన్నులార చూచెను. వానలెక్కలు వ్రాసికొను అలవాటు గలవాడగుటచే ఆ అనావృష్టి తీవ్రత ఆయనకు అంకెలలోను తెలిసినది. వరి ఎండినను జనులకు తిండి నిచ్చునట్టి కొబ్బరి, పనస, అరటి, ఖర్జూరము మున్నగు చెట్లను విరివిగా నాటింపవలెనని ఆయన అధికారులకు వ్రాసెను. ఆకలికి ఏ దుంప తినదగును, ఏది విషము అను ప్రశ్న ఆ రెండేండ్లలో పండితుల చర్చ కాదు.

1793లో కలకత్తా కంపెనీతోట అధిపతి రాబర్టు కిడ్డు మరణింపగా, రాక్సుబర్గు నా పదవిలో నియమించిరి. ఆ సంవత్సరాంతమున ఆయన సామర్లకోటను విడిచెను. హుగ్లీతీరమున శిబ్‌పూరులోని ఆ తోటయే నేటి ఆచార్య జగదీశచంద్రబోసు భారత వృక్షోద్యానము. ఆయన అందు అడుగుపెట్టినప్పుడు మొక్కలు సుమారు 300 రకములు. విడిచిపెట్టునాటికి 3,500 రకములు. ఈ ఇరువదేండ్ల కథ చాల పెద్దది. సామర్లకోటకు సంబంధించినంతవఱకు చెప్పవలసినది చిత్రముల సంగతి. 1794 నాటికి ఆయన లండనుకు 500 చిత్రములను వర్ణనలతో పంపెను. బ్యాంక్సు వానిలో 300 ఎన్నుకొని, కోరమాండలు తీరపు మొక్కలు అను పేరుతో 1795 మొదలు సంపుటములుగా అచ్చువేయించెను. చిత్రమునకు చిత్రము రాగిరేకుపై చెక్కి ముద్రించుటచే పని మిక్కిలి మెల్లగా సాగినది. మూడవ సంపుటము పూర్తియగుటకు 1820 వచ్చెను.

అప్పటికి గ్రంథకర్త లేడు. కలకత్తాలో ఆయన ఆరోగ్యము పలుమాఱులు చెడినది. మార్పుకొఱకు గుడ్‌హోపు అగ్రమునకు పోయినప్పుడును అచ్చటి మొక్కలను సేకరించుచునే యుండెను. 1813లో కలకత్తాను శాశ్వతముగా విడిచి, దారిలో సెయింటు హెలినా ద్వీపమున ఆగి, ఆ రాతిదీవి మొక్కలకు కూడ పట్టిక వ్రాసెను. నెపోలియను బందీగా అచ్చటికి వచ్చుట కింకను వ్యవధి యున్నది. ఎడింబరో చేరి, 1815లో ఆ నగరముననే మరణించెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

దేశమును విడుచునప్పుడు తన జీవితకాలపు వ్రాతప్రతిని ఆయన శ్రీరాంపూరులోని విలియం కేరీ చేతిలో పెట్టి పోయెను. కేరీ క్రైస్తవ మతబోధకుడు, బహుభాషావేత్త, తోటలన్న ప్రాణము విడుచువాడు. 1814లో ఆయన తన ముద్రణాలయమున రాక్సుబర్గు కూర్చిన కలకత్తాతోట పట్టికను అచ్చువేసెను. తాను రచించిన తెలుగు వ్యాకరణమును ప్రకటించినదియు ఆ సంవత్సరమే. కుంభి యను అడవిచెట్టు జాతికి రాక్సుబర్గు అంతకుముందే కేరీ పేరు పెట్టియుండెను. మిత్రుని ఋణము తీర్చుకొనుటకు కేరీకి చాలకాలము పట్టినది. భారతదేశపు మొక్కలు అను ఆ మహాగ్రంథము 1820లో ఒక సంపుటము, 1824లో మఱియొకటి, వాలిచ్ అను పండితుని చేర్పులతో వెలువడి నిలిచిపోయెను. తుదకు 1832లో చేర్పులు లేక, రాక్సుబర్గు వ్రాసినది వ్రాసినట్లుగా మూడు సంపుటములలో పూర్తిగా అచ్చుపడినది. గ్రంథకర్త పోయి అప్పటికి పదునేడేండ్లు. పేదవిద్యార్థులకు అందుబాటగునట్లు 1874లో సి. బి. క్లార్కు దానిని ఒకే సంపుటముగా చౌకగా మరల ముద్రించెను.

ఇప్పుడు తుఫాను సంగతి మరల తలచుకొనవలసియున్నది. ఒక మొక్క పేరుపై పండితులకు వివాదము వచ్చినప్పుడు, మొదట పేరుపెట్టినవాడు ఏ మొక్కను చూచి పెట్టెనో తెలియుటకు, అతడు దాచిన ఎండుకొమ్మను తీసి చూతురు. రాక్సుబర్గు విషయమున ఆ సాక్ష్యము పెక్కు మొక్కలకు దొరకదు. తొలినాటి సేకరణ ఉప్పెనలో పోయినది. పిమ్మట ఆయన ఎండుకొమ్మకన్న పచ్చిమొక్కనే ఎక్కువ నమ్మెను. అందువలన ఆయన పేరుపెట్టిన అనేక జాతులకు ప్రమాణము చిత్రమే. సుమారు 2,500 చిత్రముల సంపుటి ఒకటి శిబ్‌పూరులోను, దాని ప్రతి లండను దాపునగల క్యూ ఉద్యానములోను భద్రపఱచబడియున్నవి. సర్కారు కొండల పువ్వును గూర్చి సందేహము కలిగిన శాస్త్రజ్ఞుడు నేడును ఆ బొమ్మను తెప్పించుకొని, ఊరును పేరును తెలియని చిత్రకారుడు వ్రాసిన కేసరములను భూతద్దముతో లెక్కపెట్టి చూచుకొనును.